పలకలు వేశారని చదివింది నేనే

మా రేడియోకు నిజంగా శ్రోతలున్నారన్న సంగతి నాకు రుజువైంది ఒక ఆస్పత్రి మంచం పక్కన. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఇరవై తొమ్మిదేళ్ళు.

ఈ మధ్య జర్నలిజం చదువుకునే పిల్లలు మా ఇంటికి వచ్చి, "మేడం, మీ సర్వీసులో మరచిపోలేని వార్త ఏది?" అని అడుగుతున్నారు. ఏ ఎన్నికల ఫలితమో, ఏ తుపానో చెబుతానని ఫోన్లు రికార్డింగులో పెట్టుకుని కూర్చుంటారు. నేను మూడు సిమెంటు పలకల గురించి మొదలుపెడతాను. సగం మంది మధ్యలోనే రికార్డింగు ఆపేస్తారు. మిగతా సగం కోసం ఇది రాస్తున్నాను.

నేను ప్రభుత్వ రేడియోలో వార్తా విభాగంలో సహాయ సంపాదకురాలిగా పనిచేశాను. అంటే వార్తలు రాయాలి, దిద్దాలి, చదివే మనిషి రాకపోతే చదవాలి. రిటైర్మెంటుకు మూడేళ్ళ ముందు ఢిల్లీ నుంచి మాకొక ఆలోచన వచ్చింది. మా దగ్గర ఆలోచనలు ఎప్పుడూ పైనుంచే వస్తాయి. కింద పుట్టినవి ఆమోదం కోసం పైకి వెళ్ళి అక్కడే స్థిరపడతాయి. ఈసారి వచ్చిన ఆలోచన ఏమిటంటే, ప్రజా ప్రసార సంస్థ చిన్న చిన్న స్థానిక పత్రికలతో చేతులు కలపాలి. "వాళ్ళకు గల్లీ తెలుసు, మనకు గాలి తెలుసు" అని మా కేంద్రం అధికారి ఒక సభలో అన్నారు. చప్పట్లు బాగా పడ్డాయి. ఆ వాక్యం రాసిచ్చింది నేనే కాబట్టి ఇప్పుడు సిగ్గుపడే హక్కు కూడా నాదే.

దరఖాస్తులు చాలానే వచ్చాయి. మేమిచ్చిన ఫారంలో పత్రిక రిజిస్ట్రేషను, చిరునామా, సంపాదకుడి విద్యార్హతలు, తండ్రి పేరు, అన్నీ ఉన్నాయి. పత్రిక అచ్చవుతోందా అన్న ప్రశ్న మాత్రం లేదు. చిరునామాలు సరిచూడమని నన్ను పంపారు. ఒక దినపత్రిక ఉండవలసిన చోట ఇస్త్రీ దుకాణం ఉంది. ఇంకొక పత్రిక ఒక లాయరు గారి మెట్ల కింద గది. తాళానికి తుప్పు పట్టింది. చివరికి పాతబస్తీలో, లాల్‌దర్వాజాలో, ఇద్దరు ఎదురెదురుగా వస్తే ఒకరు గోడకు అంటుకోవలసిన సందులో, ఒక నాలుగు పేజీల వారపత్రిక నిజంగానే అచ్చవుతూ కనిపించింది. అందుకని అదే ఎంపికైంది. మా నివేదికలో "బహుళ ప్రమాణాల ఆధారంగా" అని రాశాం.

సంపాదకుడు యాభై దాటిన మనిషి. శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసే ప్రెస్సు ఆయనది. ఆ పనుల మధ్యలో పత్రిక. ఒక వైపు నుంచి తెరిస్తే తెలుగు, ఇంకో వైపు నుంచి తెరిస్తే ఉర్దూ. అందుకని ఆ పత్రికకు రెండు మొదటి పేజీలు. చివరి పేజీ లేదు. ఉర్దూ భాగాన్ని ఆయన చిన్ననాటి స్నేహితుడు దబీర్‌పురాలో కూర్చుని రాసి పంపేవాడు.

మొదటిరోజు నేను విషయం చెప్పగానే ఆయన కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు.

"మేడం, మీది గంత పెద్ద రేడియో. మాది గింతంత పేపర్. మాతోని మీకేం పని?"

"కలిసి పని చేద్దామని, అన్నా."

"మంచిదే. గనీ, పని ఎవరు చేస్తరు?"

ఒప్పంద పత్రం ఇరవై రెండు పేజీలు. ఆ ప్రశ్నకు జవాబు అందులో ఎక్కడా లేదు.

ఒప్పందంలో నేను గుర్తుంచుకోవలసిన నిబంధనలు రెండే. ఒకటి, ఏ వార్తయినా పత్రికలోనూ రేడియోలోనూ ఒకే వారం రావాలి. ఒకరికంటే ఒకరు ముందు తొందరపడకూడదు. రెండోది, పత్రికలో అచ్చయిన దాన్ని రేడియోలో యథాతథంగా చదవాలి, ఒక్క మాట కూడా మార్చకూడదు. ఈ రెండోది మా అధికారి ప్రత్యేకంగా పెట్టించారు.

"మనం ఒక్క మాట మారిస్తే బాధ్యత మనదవుతుంది, అమ్మా. మార్చకపోతే వాళ్ళది," అని నాకు వివరించారు. ఆయన చెడ్డవారు కాదు. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క మచ్చ లేదు. మచ్చ పడాలంటే ఏదైనా చేయాలి కదా.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు పది నిమిషాల కార్యక్రమం. ముందు ప్రభుత్వ శాఖల ప్రకటనలు, తరువాత పత్రిక నుంచి విశేషాలు. అది ప్రత్యక్ష ప్రసారం. అదేదో ధైర్యం అనుకునేరు. ఆ వేళకు రికార్డింగు గది వేరే విభాగానికి కేటాయించారు. సోమవారాలు నేను లాల్‌దర్వాజా వెళ్ళి ఆ వారం వార్తలు తెచ్చేదాన్ని. అధికారి వాటి మీద ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టేవారు. మాట మార్చే వీలు లేదు కాబట్టి, మార్చనవసరం లేని వార్తలకే టిక్కు పడేది. అలా మా రేడియోలో పాతబస్తీ మహా ప్రశాంతంగా ఉండేది. గ్రంథాలయం వేళలు మారేవి. కుట్టు శిక్షణ మొదలయ్యేది. మూడు రోజులు కనపడకుండా పోయిన మేక ఒకటి ఒక ఫంక్షన్ హాలు వెనక దొరికింది. అది దొరికింది శుభకార్యానికి ముందా తరువాతా అని పత్రిక రాయలేదు, మేం అడగలేదు.

ఆ మేక వార్తకు మాకొక స్పందన వచ్చింది. శ్రోతల నంబరుకు మామూలుగా ఇన్సూరెన్సు ప్రకటనలు తప్ప ఏమీ వచ్చేవి కావు. ఆ రోజు ఒక ఆడమనిషి గొంతు: "మేడం, నేను హుస్సేనీ ఆలం కెళ్ళి మాట్లాడుతున్న. బ్లౌజులు కుడ్త. మిషిన్ మీద కూసుంటే నీ ముచ్చట్లే ఇంటుంట. మేక దొరికిన ముచ్చట మంచిగ చదివినవ్." అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఆమె నుంచి ఒక సందేశం వచ్చేది. మా అధికారి నెలవారీ నివేదికలో "శ్రోతల నుంచి విశేష స్పందన" అని రాసేవారు. ఆ శ్రోతలందరూ ఆమే.

ఆషాఢ మాసంలో ఒక సోమవారం వెళ్ళేసరికి ప్రెస్సు నిండా బోనాల కరపత్రాలు. సంపాదకుడి చేతులకు పసుపు రంగు సిరా. ఆ చేతులతోనే ఫోన్ తీసి నాకొక ఫోటో చూపించాడు.

"జర గిది చూడుండ్రి మేడం. హుస్సేనీ ఆలం ఎనక గల్లీల నాలా. పూడిక తీస్తమని మూడు పలకలు దీసిండ్రు. పూడికా పోలే, పలకలూ రాలే."

ఫోటోలో ఆ మురుగునీటి నాలా కనిపించలేదు. ఒక పాత ఫ్లెక్సీ కనిపించింది. ఎవరో నాయకుడి పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీని తెచ్చి నోరు తెరిచిన నాలా మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టారు. నాయకుడు రెండు చేతులూ జోడించి ఆకాశంలోకి నవ్వుతూ నాలా మీద పడుకుని ఉన్నాడు.

"వాన పడితే ఇది తేల్తది. తేలకుంటే ఇంకా ఖరాబు, కింద రోడ్డే ఉన్నదనుకుంటరు," అన్నాడు.

అక్కడి నుంచి హుస్సేనీ ఆలం ఆటోలో పది నిమిషాలు. వెళ్ళి చూసి వద్దామా అనుకున్నాను. ఆటో బయటే ఉంది. ఎండ మండుతోంది, భోజనానికి వేళయింది. ఫోటో చూశాను కదా అనుకున్నాను. ఆఫీసుకు వెళ్ళిపోయాను.

వార్త చూసి మా అధికారి పెన్ను మూత పెట్టేశారు. "సంబంధిత శాఖ వివరణ తీసుకోండి" అన్నారు. ఫోన్ చేశాను. అవతలి అధికారి చాలా మర్యాదగా, "మెయిల్ పంపుతాం మేడం" అన్నారు. పంపారు. "పాతబస్తీలో నాలాలపై పలకల ఏర్పాటు పూర్తయింది. ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు." ప్రకటన మీద నంబరు, తేదీ, ముద్ర, సంతకం ఉన్నాయి.

మా అధికారి ముఖం విప్పారింది. "చూశారా, పూర్తయిందట. ఇప్పుడా వార్త ఎలా చదువుతాం? ఈ ప్రకటన చదవండి."

"సార్, పలకలు లేవు. నేను ఫోటో చూశాను."

"ఫోటో మీద సంతకం ఉందా?"

నేను నవ్వేశాను. నవ్వి ఊరుకోవడమే నేను చేసిన తప్పు. తరువాత ప్రెస్సుకు ఫోన్ చేశాను.

"ఈ వారం వద్దన్నారు అన్నా. వచ్చే వారం చూద్దాం."

"మరి నా పేపర్ల ఎయ్యాల్నా, ఆగాల్నా?"

"ఒప్పందం ప్రకారం రెండింట్ల ఒకేసారి రావాలె గదా."

"సరే, ఆగుత తీయుండ్రి. మీ రేడియోల వస్తెనే ఆఫీసోళ్ళు ఉరికొస్తరు. నా పేపర్ల వస్తే ఎవడు దేకుతడు."

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేం వచ్చి చేతులు కలపకపోయి ఉంటే ఆయన ఆ వార్త ఆ వారమే వేసేవాడు. నాలుగు గల్లీల వాళ్ళు చదివేవాళ్ళు. ఆ నాలుగు గల్లీలే కదా ఆ నాలా పక్కన ఉన్నవి. మేం వెళ్ళి ఆయన చేత కూడా నోరు మూయించాం. ఆ వార్తకు ఉంచిన ఖాళీలో బోనాల ఊరేగింపు వెళ్ళే దారి వేశాడు.

శుక్రవారం నేను ప్రకటన చదివాను. పలకల ఏర్పాటు పూర్తయింది, ప్రజలు నిశ్చింతగా ఉండవచ్చు. ఒక్క అక్షరం తడబడలేదు. ఆఫీసులో నాకు మంచి ఉచ్చారణ అని పేరు.

ఆ తరువాతి మంగళవారం వాన పడింది. బుధవారం పొద్దున్నే సంపాదకుడి ఫోన్.

"మేడం, మీ వార్త ఇన్నామె నాలాల పడ్డది."

నాకు వెంటనే అర్థం కాలేదు. మళ్ళీ అడిగాను. బ్లౌజులు కుట్టే ఆమె, మా శుక్రవారం శ్రోత, కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి బయలుదేరింది. గల్లీలో నీళ్ళు నిలిచాయి. నెల రోజులుగా ఆమె చుట్టు తిరిగి వెళ్తోంది. ఆ రోజు తిన్నగా వెళ్ళింది. నడుము దాకా దిగిపోయింది. పక్కన పంక్చర్లు వేసే అతను, ఇంకెవరో ఇద్దరు పట్టి లాగారు. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రికి వెళ్ళాను. ఎప్పుడూ గొంతే తప్ప మనిషిని చూడలేదు. సన్నగా, నెరిసిన జుట్టుతో, చేతి వేళ్ళ చివర సూది గీతలతో ఉంది. నేను ఎవరో చెప్పక ముందే, రెండు ముక్కలు మాట్లాడగానే, గుర్తుపట్టింది.

"నువ్వు రేడియో మేడమ్వి."

"ఆ తొవ్వల ఎందుకు పోయినవ్ అక్కా?" అని అడిగాను. ఇంతకంటే తెలివితక్కువ ప్రశ్న నా ఉద్యోగ జీవితంలో ఎవరినీ అడగలేదు.

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే చెప్పినవ్ గదా, పలకలేసిండ్రని. నీళ్ళల్ల ఏం కనవడ్తలేదు. రేడియోల చెప్పిండ్రు గదా అని కాలువెట్టిన." తిట్టినట్టు అనలేదు. జరిగింది చెప్పినట్టు అంది. తరువాత ఆమె దిగులంతా బ్లౌజుల గురించే. "మూడు బ్లౌజులు కొట్టుకపోయినయ్. ఒకటి పెండ్లిది. గా పిల్లకు ఏమని జవాబు చెప్పాలె?"



ఆఫీసుకు వచ్చి సవరణ చదువుదామన్నాను. మా అధికారి నిదానంగా విన్నారు.

"సవరణ మనమెలా ఇస్తాం? ప్రకటన వాళ్ళది. వాళ్ళు సవరించి పంపితే తప్పకుండా చదువుదాం."

ఆ శాఖకు ఫోన్ చేశాను. అదే మర్యాద. "మేడం, 'ఏర్పాటు పూర్తయింది' అన్నాం కానీ 'పలకలు వేశాం' అనలేదు. ఏర్పాటు అంటే మంజూరు. మంజూరు పూర్తయింది. అందులో తప్పేం లేదు."

ఆ మాట మా అధికారికి చెబితే ఆయన మెచ్చుకోలుగా తల ఊపారు, ఒక కళాకారుడు ఇంకొక కళాకారుడి పనిని చూసినట్టు. "అయినా ఆవిడ రేడియో వినే అటు వెళ్ళిందని ఆధారం ఏముంది?" అన్నారు. నెలనెలా నివేదికలో విశేష స్పందన అని ఆయన రాసింది ఆవిడ గొంతునే అని గుర్తుచేశాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశారు.

గురువారం సాయంత్రం పత్రిక వచ్చింది. సంపాదకుడు దాన్ని స్వయంగా మా ఆఫీసు గేటు దాకా తెచ్చి ఇచ్చాడు. మొదటి పేజీలో ఫ్లెక్సీ ఫోటో. పైన శీర్షిక: "రేడియో తప్పు చెప్పింది, మనిషి నాలాలో పడింది." కింద వార్త చిన్నదే, పన్నెండు వాక్యాలు. పలకలు ఎప్పుడు తీశారు, ఎవరిని ఎన్నిసార్లు అడిగారు, రేడియో ఏం చదివింది, ఆమె ఏ దారిన వెళ్ళింది. చివరి పేరా ఇలా ఉంది: "ఈ తప్పులో మా పత్రికకు కూడా భాగం ఉంది. ఫోటో మా దగ్గర వారం రోజులున్నది. పెద్దవాళ్ళతో కలిసి చెబితే విలువ ఉంటుందని ఆగినాము. ఆగకుండా ఉండవలసింది."

గేటు దగ్గర నిలబడే చదివాను.

"కోపమొచ్చిందా మేడం?"

"లేదన్నా."

"రాకుంటే ఎట్ల. రావాలె గదా," అన్నాడు. "నాకు నా మీద మస్తు వచ్చింది."

శుక్రవారం పొద్దున టిక్కులు పడిన కాగితంలో మూడు వార్తలున్నాయి: ఒక కంటి వైద్య శిబిరం, ఊరేగింపు నాడు ట్రాఫిక్ మళ్ళింపు, ఒక పాఠశాలకు బెంచీలు. నేను ఆ కాగితం, దాని కింద పత్రిక పట్టుకుని స్టూడియోలోకి వెళ్ళాను. రాత్రంతా ఆలోచించానని, పెద్ద నిర్ణయం తీసుకున్నానని చెబితే బాగుంటుంది. అలాంటిదేం లేదు. బెంచీల వార్త అయ్యేసరికి ఇంకా మూడు నిమిషాలు మిగిలాయి. ఆమె ఆస్పత్రిలో వింటోందో లేదో అనిపించింది. వింటూ ఉంటే ఈ మూడు నిమిషాలూ సంగీతం వేసి ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"మా భాగస్వామ్య పత్రిక ఈ వారం మొదటి పేజీ వార్త," అని మొదలుపెట్టాను. "రేడియో తప్పు చెప్పింది, మనిషి నాలాలో పడింది."

అద్దం అవతల ఇంజినీరు తల ఎత్తాడు. అతని చెయ్యి బోర్డు మీదికి వెళ్ళింది. నా మైకు మూయాలంటే ఒక్క వేలు చాలు. నేను చదువుతూనే అతని చేతిని చూస్తున్నాను. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తరువాత నా గొంతు స్థాయిని కొద్దిగా పెంచి వెనక్కి వెళ్ళింది.

పన్నెండు వాక్యాలూ, చివరి పేరా చదివాను. "ఆ ప్రకటన పోయిన శుక్రవారం చదివింది నేనే" అని చివర నా సొంత మాట ఒక్కటి కలిపాను. ఒప్పందాన్ని నేను ఉల్లంఘించింది ఆ ఒక్క వాక్యంతోనే.

బయటికి రాగానే ఇంజినీరు అన్నాడు: "మేడం, గిది లిస్టుల లేదు గదా?"

"లేదు."

"నేను లిస్టు చూడలే," అని రిజిస్టరులో సంతకం పెట్టి టీకి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలకు మెమో వచ్చింది. అనుమతి లేని అంశాన్ని ప్రసారం చేసినందుకు సంజాయిషీ. పత్రికలో అచ్చయిన దాన్ని యథాతథంగా చదవాలన్న నిబంధన ప్రకారం చదివానని జవాబిచ్చాను. ఆ నిబంధన కింద మా అధికారి సంతకం ఉంది. ఆయన దాన్ని చాలాసేపు చూశారట. ఫైలు పైకి వెళ్ళింది. ఆ చివరి వాక్యం గురించి మాత్రం నాకు ఒక మందలింపు వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. నా సర్వీసులో నేను సొంతంగా రాసిన వాక్యాల్లో పైవాళ్ళు శ్రద్ధగా చదివింది అదొక్కటే.

పలకలు శనివారం వచ్చాయి. రెండు వేశారు. మూడోది కొలత సరిపోలేదని సోమవారం తెచ్చారు. ఆ వెంటనే పనులు పూర్తయినట్టు ఇంకొక ప్రకటన కూడా వచ్చింది. దాన్ని మా అధికారి నాకు ఇవ్వలేదు.

కార్యక్రమానికి ఎలాగో రికార్డింగు గది దొరికింది. ఇక ప్రత్యక్ష ప్రసారం లేదు. గడువు తీరాక ఒప్పందాన్ని ఎవరూ పొడిగించలేదు, రద్దూ చేయలేదు. ఆ ఏడాది ఢిల్లీ వాళ్ళు వేసిన పుస్తకంలో "ప్రజా సమస్యల తక్షణ పరిష్కారానికి దారితీసిన ఆదర్శ భాగస్వామ్యం" అని మా గురించి ఒక పేరా వచ్చింది. పక్కన ఫోటోలో మా అధికారి, సంపాదకుడు ఒకరికొకరు శాలువాలు కప్పుకుంటున్నారు. దాన్ని తీసుకెళ్ళి సంపాదకుడికి చూపిస్తే, "ఫోటో మంచిగ పడ్డది. మన పేపర్ల అచ్చేద్దమంటే బ్లాకు మన దగ్గర లేదు గనీ," అని బోనాల కరపత్రాల కట్ట మీద పెట్టేశాడు.

పోయిన నెల హుస్సేనీ ఆలం వెళ్ళాను. ఆమె మళ్ళీ కుడుతోంది. కాలు మునుపటిలా లేదు, కర్ర కావాలి. మిషను పక్కన రేడియో మోగుతోంది. నా తరువాత వచ్చిన అమ్మాయి గొంతు చక్కగా ఉంది, నాకంటే స్పష్టం. పక్క గల్లీలో సిమెంటు రోడ్డు పని పూర్తయిందని చదివింది.

ఆమె మిషను ఆపి, దారం తెంపి, కర్ర అందుకుంది.

"యాడికి అక్కా?"

"పూర్తయిందన్నరు గదా. పా, చూసొద్దాం."

ఇద్దరం మెల్లగా వెళ్ళాం. పది నిమిషాలు పట్టింది. రోడ్డు గల్లీలో సగం దాకా ఉంది. అక్కడి నుంచి కంకర. ఆమె కర్ర కొనతో సిమెంటు మీద రెండుసార్లు కొట్టి చూసింది.

"ఏసినకాడికి మంచిగనే ఏసిండ్రు," అంది.